జాకీలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి స్కేలు ఆనదు.
ఇరవై రెండేళ్ళుగా ఆనిస్తున్నాను,
మున్సిపల్ ఆఫీసు మేడ మీద,
ట్రేసింగు కాగితం చెమటకి మోచేతికి అతుక్కుపోతుంటే.

రికార్డు రూములో ఒక పుస్తకం దొరికింది.
ఎవరో ఇంజనీరు బదిలీ మీద పోతూ ఒగ్గేసినది.
అమెరికా వాళ్ళు ఊళ్ళు ఎలా కట్టారో అందులో ఉంది,
చెదలు తినని మేరకు.

మన్‌హట్టన్ దీవి మీద ముందు కాగితం పరిచారట.
కొండల్ని అడగలేదు, వాగుల్ని అడగలేదు,
అడ్డం గీతలు, నిలువు గీతలు,
గళ్ళ తువ్వాలు ఆరేసినట్టు.
ఊరింకా అంతదూరం రానేలేదు,
వీధులకి నంబర్లు వచ్చేశాయి.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అసూయతో.

చికాగో సంగతి వేరు.
సరస్సు పక్కన బురదలో కూర్చున్న ఊరు.
మురుగు పోదు. కలరా పోదు.
వీధులు ఎత్తు చేశారు, కింద కాలవలు పెట్టారు,
ఇళ్ళు గుంటలో మిగిలిపోయాయని
ఇళ్ళనీ ఎత్తారు!
ఇటుక హోటళ్ళ కింద వేల జాకీలు.
సైగ అందగానే అందరూ ఒక్కసారే తిప్పాలి, పావు చుట్టు.
పైన బస చేసినవాళ్ళు
కాఫీ తాగుతూనే ఉన్నారట.

ఇది దాలమ్మకి చెప్పాను.
పాలకొండ రోడ్డులో చోడంబలి కొట్టు ఆమెది.
ఆమె అత్త పెట్టిన కొత్తలో
మూడు మెట్లెక్కి లోపలికి వెళ్ళేవారు.
వచ్చిన ప్రతి కాంట్రాక్టరూ
పాత తారు మీద కొత్త తారు పోసి వెళ్ళాడు.
ఇప్పుడు మూడు మెట్లు దిగాలి.
వానొస్తే మురుక్కాలవ కూడా దిగి
కుండ పక్కన కూర్చుంటుంది.

గిన్నెలో ఉల్లిపాయ నలుపుతూ విన్నది.
"అయితే మనోలు సగం పనే సేసినారన్నమాట.
ఈదిని లేపీసినారు.
జాకీలేవి మరి?"

మిగతా పేజీలు ఆమెకి చెప్పలేదు.
అదే ఊరు తగలబడి, ఉక్కు ఎముకలతో లేచిందనీ
గోడలు బరువు మొయ్యడం మానేశాయనీ
లిఫ్టు రాకముందు పై అంతస్తు పేదవాడిదనీ
లిఫ్టు వచ్చాక వాణ్ణి కిందికి దింపేశారనీ.
నల్లవాళ్ళ పేటల మీద
పటంలో "తెగులు" అని రాసి
వాటి మీదుగా పెద్ద రోడ్లు పరిచారనీ.

మా ఆమదాలవలస చేలల్లో తెగులొస్తే
పైరుకి మందేస్తారు.
చేనుకి రోడ్డెయ్యరు.

సెయింట్ లూయీలో ముప్ఫై మూడు మేడలు కట్టి
పేదల్ని పెట్టి
ఇరవై ఏళ్ళు నిండకుండానే మందుగుండు పెట్టారు.
ఫోటో ఉంది. మేడ మోకాళ్ళ మీద కూలుతోంది.
అందులో మనుషులు లేరు.
భూతద్దంతో కూడా వెతికాను.

ఈ వారం నా బల్ల మీద పాలకొండ రోడ్డు.
చైన్‌మన్ అసిరయ్య గోడలన్నిటికీ
ఎర్ర పెయింటు బాణాలు వేసొచ్చాడు.
దాలమ్మ కొట్టు దగ్గర మాత్రం
కరెంటు స్తంభానికి వేశాడు.
"అంబలి పోసింది బాబూ, సెయ్యి రానేదు."

రోడ్డు వద్దని నేను అనను.
మా తమ్ముడి కూతురు ఈ ఇరుకులోనే,
పెద్దాసుపత్రికి రెండు మలుపుల ఇవతల,
ఆటోలో కనేసింది.
ఆ పిల్లకి ఇప్పుడు నాలుగేళ్ళు,
హారన్ వినిపిస్తే చెవులు మూసుకుంటుంది.

పటంలో నా గీత మందం అర మిల్లీమీటరు.
నేల మీద అది మూరెడు.
ఆ మూరలోనే ఉంది దాలమ్మ పొయ్యి.
గీతకి ఏ అంచు నుంచి కొలవాలో
జీవోలో లేదు.
పుస్తకంలో ఉండేదేమో,
ఆ పేజీలు చెదల కడుపులో ఉన్నాయి.

అయిదు దాటింది.
గుమ్మంలో ప్యూను తాళాలు ఆడిస్తున్నాడు.
పెన్సిలు చెక్కుతున్నాను.
ఇంకా చెక్కుతున్నాను.